‘అయిందా?’ అని అడగడం మానేశాక

మన ప్రయోగశాలల్లో రసాయన చర్యలన్నీ రాత్రిపూటే పూర్తవుతాయి. నమ్మకపోతే ఏ రీసెర్చ్ స్కాలర్ నోట్‌బుక్ అయినా తెరిచి చూడండి. ‘ఓవర్‌నైట్ స్టిర్ చేశాను’ అని ఉంటుంది. పేపర్లో అచ్చయ్యేసరికి అదే ‘12 గంటలు’ అవుతుంది, లేదా ‘16 గంటలు’. అందులో చర్య జరిగింది ఎంతసేపో, మనం హాస్టల్లో పడుకున్నది ఎంతసేపో ఆ అంకె చెప్పదు. సాయంత్రం ఆరింటికి రియాక్షన్ పెడతాం. ఏడింటికి ఒక టీఎల్‌సీ చూసి, ‘ఎస్‌ఎమ్ ఇంకా ఉంది సార్’ అని గైడ్‌కి చెప్పి వెళ్లిపోతాం. పొద్దున పదింటికి ఇంకో ప్లేటు. ఎస్‌ఎమ్ పోయింది, కొత్త స్పాట్ వచ్చింది, దాని కింద రెండు చిన్న మచ్చలు కూడా వచ్చాయి. ఆ మచ్చలు రాత్రి ఎనిమిదింటికి వచ్చాయా, తెల్లవారుజామున నాలుగింటికా? ఎవరికి తెలుసు! కాలమ్‌లో పోతాయిలే అనుకుంటాం.

నేనూ అలాగే పీహెచ్‌డీ చేశాను కాబట్టి తప్పులెన్నే అర్హత నాకు లేదు. కానీ ఒక మాట. మీ డిపార్ట్‌మెంట్‌లో ఏదో ఒక మూల గదిలో, ప్లాస్టిక్ కవరు కప్పి, ఇన్‌సిటు ఐఆర్ పరికరమో, రామన్ ప్రోబో, రియాక్షన్ కెలోరీమీటరో ఉండి ఉండొచ్చు. ఏదో ప్రాజెక్టు డబ్బుతో కొన్నారు. కంపెనీ ఇంజనీరు వచ్చి బిగించి చూపించాడు, అందరూ ఫొటో దిగారు. తర్వాత ఒకరిద్దరు వాడి, ‘టీఎల్‌సీ చెప్పేదే ఇదీ చెప్పింది, దీనికి ఇంత తతంగం ఎందుకు’ అని వదిలేశారు. వాళ్లు అబద్ధమాడలేదు. ‘అయిందా?’ అని అడిగితే లక్షలు పోసి కొన్న పరికరం కూడా ‘అయింది’ అనే చెబుతుంది. ఆ జవాబుకి సిలికా ప్లేటు ముక్క చాలు. ‘ఎలా అవుతోంది?’ అని అడిగినప్పుడే దాని ఖరీదు గిట్టుబాటవుతుంది. ఈ అధ్యాయమంతా ఆ రెండో ప్రశ్న గురించే.

సంక్రాంతికి అరిసెల పాకం పట్టే పెద్దావిడను ఎప్పుడైనా గమనించారా? కొత్తవాళ్లయితే పక్కన పళ్లెంలో నీళ్లు పెట్టుకుని, నిమిషానికోసారి గరిటెతో ఒక చుక్క వేసి, వేలితో చేరదీసి, ఉండ కడుతోందో లేదో చూస్తారు. మన భాషలో చెప్పాలంటే శాంపిల్ తీసి, చన్నీళ్లలో క్వెంచ్ చేసి పరీక్షిస్తున్నారు. చేయి తిరిగిన ఆవిడ పళ్లెం జోలికి పెద్దగా పోదు. ఆవిడ కళ్లు బుడగల మీద ఉంటాయి. మొదట పెద్దపెద్దగా లేచి టపటపా పగిలే బుడగలు, నీరు ఇగిరేకొద్దీ చిన్నవై, చిక్కబడి, బద్ధకంగా పగులుతాయి. పాకం ఇంకా రాకముందే ఆవిడ మంట తగ్గించేస్తుంది. పళ్లెం చూసేవాళ్లకి పాకం వచ్చాక తెలుస్తుంది. ఆవిడకి వస్తూండగానే తెలుస్తుంది. ఇన్‌సిటు పరికరం ఇచ్చేది ఆ తేడానే.

ఇదేమీ కొత్త చూపు కాదు. చర్యావేగాల శాస్త్రం పుట్టిందే దీంతో. 1850లో లుడ్విగ్ విల్హెల్మీ అనే జర్మన్ శాస్త్రవేత్త చక్కెర ద్రావణంలో ఆమ్లం కలిపి పోలారిమీటర్‌తో చూశాడు. చక్కెర ధ్రువిత కాంతిని కుడివైపు తిప్పుతుంది. ఆమ్లం దాన్ని గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడగొట్టేకొద్దీ ఆ కోణం తగ్గి, సున్నా దాటి, ఎడమవైపు పోతుంది. శాంపిల్ తీసి పరీక్షించే పని లేకుండా, కోణం ఎప్పుడు ఎంత ఉందో రాసుకుంటూ పోయి, చర్య వేగం మిగిలి ఉన్న చక్కెరకు అనుపాతంలో ఉంటుందని ఆయన సమీకరణం రాశాడు. మీరూ ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్‌లో ఈ ప్రయోగం చేసే ఉంటారు, రికార్డులో సంతకం కోసం. చక్కెర చివరికి విడిపోతుందని విల్హెల్మీకి ముందే తెలుసు. ఆయన చూసింది దారిని.

ఇక ఏ పరికరం వాడాలి? కేటలాగు తెరవకండి. ముందు మీ చర్యను కాగితం మీద గీసి, ఏ బంధం పోతోందో, ఏ బంధం వస్తోందో చూడండి. కార్బొనిల్ మారుతుంటే ఐఆర్ మీ నేస్తం. ఆసిడ్ క్లోరైడ్ 1800 దగ్గర, ఎస్టర్ 1740 దగ్గర, ఎమైడ్ 1650 దగ్గర, ఐసోసైనేట్ 2270 దగ్గర కనిపిస్తాయి. ఒకటి దిగుతుంటే ఇంకొకటి లేవడం తెర మీద స్పష్టంగా తెలుస్తుంది. కానీ ప్రోబ్ మొన దేనితో చేశారో అడగండి. వజ్రం మొన 2000 నుంచి 2200 వరకు తానే కాంతిని మింగుతుంది. ఎజైడ్‌లు, కీటీన్‌లు పడేది సరిగ్గా అక్కడే. అలాంటివాటికి సిలికాన్ మొన కావాలి. ఇది తెలియక వారం రోజులు ఎజైడ్ కోసం వెతికిన మనిషి పేరు ఇక్కడ రాయను. ఈ పుస్తకం అట్ట మీద ఉంది.

నీళ్లలో జరిగే చర్య, కార్బన్ల మధ్య రెండు మూడు బంధాలు, స్ఫటికం ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మారడం... ఇవి రామన్‌కు బాగా లొంగుతాయి. మీ ద్రావణం ఫ్లోరెసెన్స్ ఇస్తే మాత్రం అంతా ఆ వెలుగులో మునిగిపోతుంది, ఆశ వదులుకోండి. (రామన్ మెట్రిక్ చదివింది మన విశాఖపట్నంలోనే, వాళ్ల నాన్నగారు ఏవీఎన్ కాలేజీలో పాఠాలు చెబుతున్న రోజుల్లో. ఆ ఊళ్లో చదువుకున్న నాకు ఈ మాట ఎక్కడో ఒకచోట ఇరికించడం అలవాటు.) బల్ల మీద పట్టే చిన్న ఎన్‌ఎమ్ఆర్‌లు ఇప్పుడు వస్తున్నాయి. గాఢతను అంచనా వేయడానికి వాటంత నమ్మకమైనవి తక్కువ, కానీ చిన్న అయస్కాంతం కాబట్టి పీకులు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. కెలోరీమీటర్ అన్నిటినీ చూస్తుంది, దేన్నీ గుర్తుపట్టదు. ఫ్లాస్కులో పుట్టే మొత్తం వేడి ఎంతో చెబుతుంది, అది ఏ చర్యదో చెప్పదు. ఐసోమర్ల నిష్పత్తి కావాలన్నా, అర శాతం మలినం కావాలన్నా హెచ్‌పీఎల్‌సీ తప్పదు. ఐఆర్ ప్రోబ్‌తో అంత సన్నటివి పట్టుకోవాలనుకోవడం అత్యాశ.

ఒక ప్రయోగం దగ్గర నుంచి చూపిస్తాను. ఎమైడ్ కట్టడానికి మిక్స్‌డ్ ఎన్‌హైడ్రైడ్ పద్ధతి మీలో చాలామంది చేసే ఉంటారు. ఆమ్లాన్ని టీహెచ్‌ఎఫ్‌లో కరిగించి, మైనస్ 10 డిగ్రీలకు చల్లబరచి, ఎన్-మిథైల్ మార్ఫొలిన్ కలిపి, ఐసోబ్యూటైల్ క్లోరోఫార్మేట్‌ను చుక్కచుక్కగా వేయడం. ఆ తర్వాత ఎమీన్. ఎమీన్ ఎప్పుడు వేయాలి? పేపర్లో ‘1 గంట తర్వాత’ అని ఉంటుంది, మనమూ గంట ఆగుతాం. మధ్యలో టీఎల్‌సీ పెడితే ఆమ్లం ఆమ్లంగానే కనిపిస్తుంది, ఎందుకంటే ఎన్‌హైడ్రైడ్ సిలికా మీద పడగానే తేమ తగిలి మళ్లీ ఆమ్లమై కూర్చుంటుంది. ప్లేటు చూసి ‘ఇంకా కాలేదు’ అని ఇంకో అరగంట ఆగుతాం.

ప్రోబ్ పెట్టి చూసిన రోజు జరిగింది ఇది. ముందు ఖాళీ ప్రోబ్‌తో బ్యాక్‌గ్రౌండ్ తీశాం. తర్వాత టీహెచ్‌ఎఫ్ ఒక్కదాన్నే మైనస్ 10 దగ్గర పది నిమిషాలు నడిపి, గీత తిన్నగా ఉందని చూశాం. ఈ మెట్టు అందరూ దాటేస్తారు, ఎందుకంటే తెర మీద ఏమీ జరగని పది నిమిషాలు ఎవరికీ ఇష్టం ఉండదు. ఆమ్లం వేశాక దాని కార్బొనిల్ లేచింది. బేస్ వేయగానే ఆ పట్టీ తగ్గి, కార్బాక్సిలేట్ పట్టీ కింద వెలిసింది. క్లోరోఫార్మేట్ మొదటి చుక్కలతోనే 1820 చుట్టుపక్కల ఒక చిన్న భుజం మొదలై, సిరంజి ఖాళీ అయ్యేసరికి నిలువెత్తు పట్టీ అయింది. తర్వాత నాలుగైదు నిమిషాల్లో అది పెరగడం ఆగింది. మేము గంట ఆగాలనుకున్న దశ అంతటితో ముగిసింది. అక్కడితో ఆపి ఎమీన్ వేయాల్సింది. మేము కావాలనే వేయకుండా చూస్తూ కూర్చున్నాం. అరగంట దాటేసరికి ఆ పట్టీ మెల్లగా దిగడం, దాని ఆకారం మారడం మొదలైంది. మేము ఎదురుచూస్తున్న గంటలో మా ఎన్‌హైడ్రైడ్ మా కళ్లముందే పాడవుతోంది. ఏడాదిగా దిగుబడి ఎందుకు పడిపోతోందో వెతుకుతూ మేము మార్చని సాల్వెంట్ లేదు, మార్చని బేస్ లేదు. ఆగే సమయం మార్చాలని ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే అది పేపర్లో అచ్చయి ఉంది.

అదే రోజు ప్రోబ్ మమ్మల్ని మోసం కూడా చేసింది. ఆ చర్యలో హైడ్రోక్లోరైడ్ లవణం తెల్లగా విరిగి కిందికి దిగుతుంది. ఒక దశలో అన్ని పట్టీలూ ఒక్కసారిగా సగానికి పడిపోయాయి. కొత్త మెకానిజం దొరికిందని మా కుర్రాడు లేచి నిలబడ్డాడు. ప్రోబ్ బయటకు తీస్తే మొన మీద లవణం అట్ట కట్టింది. ఏటీఆర్ ప్రోబ్ కాంతి ద్రావణంలోకి ఒకటి రెండు మైక్రాన్లకు మించి దూరదు. తలవెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు అనుకోండి. ఆ పొరలో ఏది ఉంటే అదే ప్రోబ్‌కు ప్రపంచం. అందుకే మొనను ద్రవం ఒరుసుకుంటూ పోయేలా, ప్రవాహానికి ఏటవాలుగా పెట్టాలి. ఫ్లాస్కు గోడ పక్కన, ద్రవం కదలని మూలలో పెడితే అది ఆ మూల కథే చెబుతుంది.

అన్ని పట్టీలూ ఒకేసారి ఒకే నిష్పత్తిలో మారితే అది రసాయనం కాదని ముందు అనుమానించండి. సాల్వెంట్ పట్టీ కూడా వాటితోపాటు మారిందా? అయితే మొనకు ఏదో పట్టింది, లేదా ద్రవం మట్టం మొన కిందికి దిగింది. పట్టీ ఎత్తు తగ్గకుండా పక్కకు జరిగితే ఉష్ణోగ్రత మారిందేమో చూడండి. 1500 నుంచి 1700 మధ్య ముళ్లకంపలా సన్నటి గీతలు వస్తే పరికరం లోపలికి గాలిలో తేమ దూరింది, పర్జ్ గ్యాస్ చూసుకోవాలి. మధ్యలో సిగ్నల్ మొత్తం నీరసించిందంటే డిటెక్టర్‌లో ద్రవ నైట్రోజన్ అయిపోయి ఉంటుంది. మైనస్ 196 డిగ్రీల ద్రవం, మూత తీసి పోసేటప్పుడు చిమ్ముతుంది. గ్లవ్స్ లేకుండా పోయడం మగతనం అనుకునే సీనియర్లు ప్రతి ల్యాబ్‌లోనూ ఒకరుంటారు. వాళ్ల దగ్గర మిగతావన్నీ నేర్చుకోండి. ఇక అన్నిటికన్నా ముచ్చటైన గీత: నలభయ్యో నిమిషంలో నూలు పట్టినట్టు తిన్నగా అయిపోయి, చర్య ముగిసినట్టు కనిపించేది. నాకు ఒకసారి వచ్చింది. వంగి చూస్తే స్టిర్ బార్ ఆగిపోయి ఉంది.

ఇంకో సంగతి. పట్టీ ఎత్తు అంటే గాఢత కాదు. రెండు పట్టీలు ఒకదాని మీద ఒకటి పడి ఉంటే, ఒకటి తగ్గుతున్నా మొత్తం ఎత్తు కదలకపోవచ్చు. కాబట్టి మొదటిసారి నడిపేటప్పుడు అయిదారు చోట్ల శాంపిల్ కూడా తీసి హెచ్‌పీఎల్‌సీలోనో ఎన్‌ఎమ్ఆర్‌లోనో చూసి, ఆ చుక్కలను ప్రోబ్ గీత మీద పెట్టండి. చుక్కలు గీత మీద కూర్చుంటే ఆ తర్వాత ప్రోబ్‌ను నమ్మొచ్చు. పక్కకు జరిగితే ఇద్దరు సాక్షుల్లో ఎవరో తప్పు చెబుతున్నారు, అది తేలేవరకు పేపర్ రాయకండి. చాలాసార్లు తప్పు శాంపిల్‌దే అవుతుంది. సిరంజిలోకి లాగి, వయల్లో వేసి, క్వెంచ్ చేసేలోపు అది గది వేడికి ఇంకాస్త ముందుకు నడిచి ఉంటుంది. మైనస్ 78 దగ్గర జరిగే లిథియం చర్యల్లో శాంపిల్ తీయడం దాదాపు ఆత్మవంచనే. కార్నెల్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ కొల్లమ్ బృందం ఎల్‌డీఏ చర్యలను ఇన్‌సిటు ఐఆర్‌తోనే ఏళ్ల తరబడి చూసింది. అతి కొద్దిపాటి లిథియం క్లోరైడ్ కలిసి ఉన్నా కొన్ని చర్యల వేగం విపరీతంగా మారిపోతుందని అలాగే బయటపడింది. ‘బాటిల్ మారింది, రిజల్ట్ మారింది’ అని మనం తల బాదుకునే సందర్భాల్లో కొన్నింటి వెనక ఇలాంటిదే ఉంటుంది.

సరే, గీత వచ్చింది, నమ్మదగ్గదే. దాంతో ఏం చేస్తారు? అందంగా రంగులేసి సప్లిమెంటరీలో పెట్టి ఊరుకుంటే అదీ ఒక ఫొటోనే. నేను నేర్చుకున్న పద్ధతుల్లో పెట్టిన శ్రమకి ఎక్కువ ఫలితం ఇచ్చింది డోనా బ్లాక్‌మండ్ ప్రచారంలోకి తెచ్చిన విధానం. 2005లో ‘ఆంగెవాంట కెమీ’ పత్రికలో ఆమె దాన్ని వివరంగా రాశారు. పెద్ద గణితం అక్కర్లేదు, కూడికలు తీసివేతలు చాలు.

మీ దగ్గర రెండు రియాక్టెంట్లు, ఒక క్యాటలిస్ట్ ఉన్నాయనుకోండి. మొదటి ప్రయోగంలో ‘ఎ’ 0.20 మోలార్, ‘బి’ 0.30 మోలార్. తేడా 0.10. ఒకటికి ఒకటి చొప్పున ఖర్చవుతాయి కాబట్టి ఈ తేడా చివరిదాకా మారదు. చర్య సగం నడిచేసరికి ‘ఎ’ 0.10, ‘బి’ 0.20 మిగులుతాయి. ఇప్పుడు రెండో ప్రయోగాన్ని సరిగ్గా అక్కడ మొదలుపెట్టండి: ‘ఎ’ 0.10, ‘బి’ 0.20, క్యాటలిస్ట్ మొదటిసారి వేసినంతే. రెండు ఫ్లాస్కుల్లోనూ రియాక్టెంట్లు ఇప్పుడు సమానం. ఒకే ఒక్క తేడా ఉంది. మొదటి ఫ్లాస్కులో క్యాటలిస్ట్ అప్పటికే సగం పని చేసి అలసి ఉంది, చుట్టూ ప్రొడక్ట్ పేరుకుని ఉంది. రెండో ఫ్లాస్కులో క్యాటలిస్ట్ తాజాది, ప్రొడక్ట్ ఇంకా లేదు.

రెండింటి వేగాలను ‘ఎ’ గాఢతకు ఎదురుగా గీయండి. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటే మీ క్యాటలిస్ట్ ఆరోగ్యంగా ఉంది, ప్రొడక్ట్ దానికి అడ్డం రావడం లేదు. రెండోదే వేగంగా ఉంటే రెండు అనుమానాలు: క్యాటలిస్ట్ చస్తోందా, ప్రొడక్ట్ దాన్ని పట్టుకుని వదలడం లేదా? మూడో ప్రయోగంతో అది తేలుతుంది. రెండోదాన్నే మళ్లీ చేస్తూ, ఈసారి మొదట్లోనే 0.10 మోలార్ ప్రొడక్ట్ కలపండి. గీత వచ్చి మొదటిదానితో కలిసిపోతే దోషం ప్రొడక్ట్‌ది. కలవకుండా రెండోదాని దగ్గరే ఉండిపోతే క్యాటలిస్ట్ చస్తోంది. మూడు రోజులు, మూడు ఫ్లాస్కులు. ‘5 మోల్ శాతం క్యాటలిస్ట్ చాలలేదు, 10 వేశాం’ అని గుడ్డిగా పెంచుకుంటూ పోయే నెలల పనికి ఇది జవాబు. ప్రొడక్టే అడ్డమైతే క్యాటలిస్ట్ రెట్టింపు చేయడం దండగ ఖర్చు కావచ్చు. చస్తుంటే, ఎందుకు చస్తోందో చూడాలి. పల్లాడియం నల్లగా విరిగిపోతోందా, లైగాండ్‌ను ఆక్సిజన్ తినేస్తోందా?

ఈ పద్ధతికి గీత మీద చాలా చుక్కలు కావాలి, ఎందుకంటే వేగం అంటే వాలు, నాలుగు చుక్కల నుంచి వాలు తీయలేం. కెలోరీమీటర్ అయితే వేగాన్నే నేరుగా ఇస్తుంది, ఒకే చర్య నడుస్తుంటే పుట్టే వేడి దాని వేగానికి అనుపాతం కాబట్టి. చుక్కలు తక్కువున్న వాళ్లకి జోర్డి బురేస్ 2016లో ఇంకో దారి చూపించారు. అందులో వాలు తీసే పనే లేదు. కాలం అక్షాన్నే క్యాటలిస్ట్ గాఢతతో, ఊహించిన ఆర్డర్ ప్రకారం సాగదీసి, గీతలు ఒకదాని మీద ఒకటి ఎప్పుడు పడతాయో కంటితో చూడటమే. ఎక్సెల్ చాలు.

మీ సబ్‌స్ట్రేట్ 20 మిల్లీగ్రాములే ఉందంటారా? తొమ్మిది స్టెప్పుల తర్వాత వచ్చిన పదార్థాన్ని ప్రోబ్ ముంచేంత ద్రావణంలో పోయమని నేను చెప్పను. అలాంటి ఫంక్షనల్ గ్రూపే ఉన్న చవక నమూనా మీద దారి తెలుసుకుని, అసలుదాన్ని ఆ గడియారంతో నడపండి.

భద్రత గురించి రెండు మాటలు, ఎందుకంటే ‘ఎలా అవుతోంది’ అని అడగకపోతే నష్టం యీల్డ్‌తో ఆగదు. గ్రిన్యార్ మొదలుపెట్టడం మీకు తెలుసు. మెగ్నీషియం మీద ఆక్సైడ్ పొర ఉంటుంది, చర్య వెంటనే అందుకోదు. నేను పీహెచ్‌డీ రెండో ఏడాదిలో బ్రోమైడ్ కాస్త వేసి, ఏమీ కాకపోతే ఇంకాస్త వేసి, అయోడిన్ ముక్క వేసి, విసుగొచ్చి మిగతాదంతా వేసేశాను. పాలు పొంగడం చూశారుగా, పొయ్యి దగ్గర నిలబడ్డంతసేపు ఏమీ కాదు. అది అందుకున్నాక ఈథర్ కండెన్సర్ పైనుంచి ఫౌంటెన్‌లా లేచింది. హుడ్ అద్దం దించి ఉండటం నా అదృష్టం. ఆ ఫ్లాస్కులో ఐఆర్ ప్రోబ్ ఉండి ఉంటే, బ్రోమైడ్ వేసిన ప్రతిసారీ దాని పట్టీ మెట్టు మెట్టుగా పెరుగుతోందే తప్ప తగ్గడం లేదని చూపించేది. పెరుగుతోందంటే పేరుకుంటోంది అని. అక్కడ ఆపేయాలి.

ఫ్లాస్కులో జరిగితే హుడ్ కాపాడుతుంది. 2007 డిసెంబరు 19న ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో టీ2 లేబొరేటరీస్ అనే చిన్న కర్మాగారంలో జరిగిన పేలుడులో నలుగురు చనిపోయారు, 32 మంది గాయపడ్డారు. సోడియంతో చేసే ఆ చర్యను వాళ్లు వందకు పైగా బ్యాచ్‌లు చేశారు. ఆ రోజు చల్లబరిచే ఏర్పాటు పనిచేయలేదు. వేడి ఒక హద్దు దాటితే సోడియం, సాల్వెంట్‌గా వాడిన డైగ్లైమ్‌తోనే ఇంకా తీవ్రంగా చర్య జరుపుతుంది. ఆ రెండో చర్య అక్కడ పొంచి ఉందని దాన్ని నడిపేవాళ్లకి తెలియదు. కెలోరీమీటర్‌లో చెంచాడు పదార్థంతో ముందే తెలిసే సంగతి అది.

పరికరమే లేని కాలేజీల సంగతి? చాలామంది పాఠకులు అక్కడి నుంచే ఉత్తరాలు రాస్తారు. ఐ-స్టెమ్ పోర్టల్‌లో ఏ సంస్థలో ఏ పరికరం ఉందో చూసి బుక్ చేసుకోవచ్చు. కానీ పొడి శాంపిల్ పోస్టులో పంపినట్టు రియాక్షన్‌ను పంపలేం. మీరే గాజుసామానుతో సహా వెళ్లాలి, అందుకని ముందు ఫోన్ చేసి ప్రోబ్ వ్యాసం, ఫ్లాస్కు మెడ సైజు అడగండి. మెడలో పట్టని ప్రోబ్ పట్టుకుని రెండు రోజులు హోటల్లో కూర్చోవాల్సి వస్తుంది. ఊళ్లోనే ఉండి చేయగలిగినవీ తక్కువేం కాదు. ఫ్లాస్కు లోపల ఒక థర్మోకపుల్, బాత్‌లో ఇంకొకటి పెట్టి, రెండింటి తేడాను నిమిషం నిమిషం రాసుకుంటే అదే పేదవాడి కెలోరీమీటర్. గ్యాస్ వచ్చే చర్యకి తలకిందులుగా పెట్టిన బ్యూరెట్. అయాన్లు పుట్టే లేదా పోయే చర్యకి డిగ్రీ ల్యాబ్‌లోని కండక్టివిటీ మీటర్. రంగు మారేదానికి యూవీ. రాత్రిపూట 400 మెగాహెర్ట్జ్ ఎన్‌ఎమ్ఆర్ మీద నాలుగు గంటలు దొరికితే ట్యూబులోనే చర్య నడిపి చూడొచ్చు. ట్యూబులో స్టిర్రింగ్ ఉండదు కాబట్టి కరగని బేస్ ఉన్న చర్యలకి మాత్రం అది పనికిరాదు. అణువులో ఫ్లోరిన్ ఒకటి ఉంటే ఇంకా సులువు, మామూలు సాల్వెంట్‌లోనే ఫ్లోరిన్ ఎన్‌ఎమ్ఆర్ తీయొచ్చు.

ఉద్యోగం కోణం కూడా చెప్పాలి, మొహమాటం లేకుండా. తయారయ్యాక పరీక్షించడంతో సరిపెట్టుకోకుండా, తయారవుతుండగానే గమనించమని అమెరికా ఎఫ్‌డీఏ 2004లో మార్గదర్శకాలు ఇచ్చింది. అమెరికాకు మందులు పంపే హైదరాబాద్ చుట్టుపక్కల కంపెనీల ప్రాసెస్ ల్యాబ్‌లలో ఈ పరికరాలు చాలాచోట్ల కనిపించేది అందుకే. ఇంటర్వ్యూలో ‘ఇన్‌సిటు ఐఆర్ వాడాను’ అనేవాళ్లు చాలామంది వస్తారు. ‘ఏం చూశారు?’ అనే రెండో ప్రశ్నకి సగం మంది పరికరం పేరే మళ్లీ చెబుతారు. అభ్యర్థుల్ని అడిగే బల్లకి అటువైపు కొన్నాళ్లు కూర్చున్నాను కాబట్టి చెబుతున్నా: మీ గీత ఒకసారి ఎలా అబద్ధం చెప్పిందో, అది అబద్ధమని ఎలా పట్టుకున్నారో చెప్పండి. అవతలివాళ్లు పెన్ను కింద పెట్టి వింటారు.

మా ల్యాబ్‌లో చేరిన మొదటి నెలలో ఒకమ్మాయి ఆ ఎమైడ్ చర్యనే మళ్లీ చేసింది. ఎన్‌హైడ్రైడ్ పట్టీ నిలకడ అయిన నిమిషంలో ఎమీన్ వేసింది. అది పూర్తిగా దిగేవరకు కుర్చీలోంచి కదల్లేదు. తర్వాత నోట్‌బుక్ తెచ్చి, ‘సార్, ఇక్కడ ఓవర్‌నైట్ అని ప్రింటు చేసిన ఫార్మాట్ ఉంది, టైమ్ దగ్గర ఏం రాయాలి?’ అని అడిగింది. ఎంతైందని అడిగాను. ‘మొత్తం 38 నిమిషాలు సార్’ అంది. అదే రాయమన్నాను. రాసి, తేదీ వేసి, వర్కప్ ముగించి, అయిదున్నర బస్సుకి వెళ్లిపోయింది.